ఆపరేటర్ నుంచి షిఫ్ట్ ఇన్‌ఛార్జి: మొదటి మూడు నెలలు ఏం చేయాలి, ఎలా చేయాలి

ఫ్యాక్టరీల్లో మంచి ఆపరేటర్‌నే ఏరి ఇన్‌ఛార్జిని చేస్తారు. శబ్దం వినగానే బేరింగ్ పోయిందో బెల్టు జారుతోందో చెప్పగలవాడు, సెలవులు పెద్దగా పెట్టనివాడు, పైవాళ్లతో పేచీ లేనివాడు. ‘సోమవారం నుంచి షిఫ్ట్ నువ్వే చూసుకో’ అని ఒక రిజిస్టరూ ఒక వాకీటాకీ చేతిలో పెడతారు. శిక్షణ అంతటితో సరి. ఆ తర్వాత జరిగేది దాదాపు ప్రతిచోటా ఒకటే. మెషిన్ ఆగినప్పుడల్లా కొత్త ఇన్‌ఛార్జి తనే పానా పట్టుకుని కిందికి దూరతాడు. ఆ ఇరవై నిమిషాలూ మిగతా లైన్‌ను చూసేవాడుండడు. మెషిన్ బాగవుతుంది, షిఫ్ట్ చెడుతుంది.

ఈ మార్గదర్శి అలాంటివారి కోసం. ఉదాహరణకు 24 మంది పనిచేసే ఒక బాట్లింగ్ లైన్‌ను (సీసాలు నింపే లైన్‌ను) తీసుకున్నాం. ఫిల్లింగ్ (నింపే మెషిన్ ఫిల్లర్), మూతలు బిగించడం, లేబుల్, డబ్బాల్లో సర్దడం, ప్యాలెట్ (సరుకు పేర్చే పలక) మీద పేర్చడం. షిఫ్టులు ఉదయం 6–2, మధ్యాహ్నం 2–10, రాత్రి 10–6. జీడిమెట్లలో మాత్రల ప్యాకింగ్ అయినా, శ్రీసిటీలో విడిభాగాల అసెంబ్లీ అయినా మెషిన్ల పేర్లు మారతాయి తప్ప మనుషులతో పని ఇంతే. వరస మాత్రం మార్చకండి. ముందు మీ అధికారం ఎంతో తెలియాలి, తర్వాత ఎవరికి ఏం వచ్చో తెలియాలి, టార్గెట్ సంగతి ఆ తర్వాతే. టార్గెట్‌తో మొదలుపెట్టినవాళ్లు మూడో వారానికి గొంతు పోగొట్టుకుంటారు.

1. రిజిస్టర్ పుచ్చుకునే ముందు

మేనేజర్‌తో అరగంట కూర్చుని ఈ ఆరు ప్రశ్నలకు జవాబు తీసుకోండి. నోటిమాటగా వచ్చిన జవాబును ఆ సాయంత్రమే వాట్సాప్‌లో ‘ఇలా అనుకున్నాం సార్’ అని పెట్టండి.

– లైన్ ఆపే అధికారం నాదేనా? ఎన్ని నిమిషాలు దాటితే మీకు చెప్పాలి?
– సెలవు ఎన్ని రోజుల వరకు నేను ఇవ్వొచ్చు?
– ఓటీకి (ఓవర్‌టైమ్‌కు) ఎవరి ఆమోదం కావాలి, ముందా తర్వాతా?
– స్టోర్స్‌లో నా సంతకానికి ఏమేం ఇస్తారు?
– రాత్రి 2 గంటలకు మెయింటెనెన్స్ మనిషి రాకపోతే తర్వాత ఎవరికి ఫోన్ చేయాలి?
– కాంట్రాక్టు మనుషులకు పని చెప్పేది నేనా, కాంట్రాక్టర్ పెట్టిన సూపర్‌వైజరా?

ఇవి తేల్చుకోకపోతే ఏమవుతుందో సెలవు దగ్గరే తెలుస్తుంది. మీరు ‘సరే వెళ్లు’ అంటారు, హెచ్‌ఆర్‌లో అది ఆబ్సెంట్‌గా పడుతుంది, నెలాఖరులో ఒక రోజు జీతం పోతుంది. పోయింది అతని ఒక్క రోజు జీతమే అయినా, మీ మాటకు పైన విలువ లేదని 24 మందికీ ఒకేసారి అర్థమవుతుంది.

మొదటి వారంలోనే ఒక్కొక్కరితో పది నిమిషాలు విడిగా మాట్లాడండి. రోజుకు ఐదుగురు చొప్పున వారంలో అయిపోతుంది. అడగాల్సినవి రెండే: మీ పనికి రోజూ అడ్డొచ్చేది ఏమిటి? నేను మార్చకూడనిది ఏమిటి? ఈ పోస్టు తనకే వస్తుందని ఎదురుచూసిన సీనియర్ ఎవరో ఒకరు ఉంటారు. ఆయనతో మొదటి రోజే మాట్లాడాలి, అదీ చుట్టూ తిప్పకుండా. “అన్నా, ఇది నీకు వస్తుందని అందరూ అనుకున్నారు, నేనూ అనుకున్నా. ఫిల్లర్ సంగతి నీకు తెలిసినంత నాకు తెలియదు. దాని మీద ఏ నిర్ణయమైనా నిన్ను అడిగే తీసుకుంటా.” ఆ మాట అన్నాక నిలబెట్టుకోవాలి. ఒక్కసారి అడగకుండా సెట్టింగ్ మార్చినా ఆయన ఇక నోరు విప్పడు.

నిన్నటిదాకా ‘ఏరా’ అనుకున్న స్నేహితులుంటారు. బయట టీకొట్టు దగ్గర ఎలా పిలుచుకున్నా ఫర్వాలేదు. లైన్ మీద మాత్రం అందరినీ ఒకేలా పిలవండి, ఎందుకంటే మీరు ఎవరిని ఎలా పిలుస్తున్నారో మిగతా ఇరవై మంది లెక్కపెడుతుంటారు. మీ లైన్‌లో చీటీ మీరు నడపకండి, చేబదుళ్లు ఇవ్వకండి, తీసుకోకండి. ఇప్పటికే నడుస్తున్న చీటీ ఉంటే వేరే షిఫ్టు మనిషికి అప్పగించండి. బాకీ ఉన్న మనిషికి కష్టమైన పని వేసినా అనుమానమే, తేలిక పని వేసినా అనుమానమే.

2. ఎవరికి ఏం వచ్చు: నైపుణ్యాల పట్టిక

ఒక పెద్ద కాగితం మీద ఎడమవైపు 24 పేర్లు, పైన లైన్‌లోని పనులు రాయండి. ప్రతి గడిలో ఒక అంకె. పక్కన ఎవరైనా ఉంటేనే చేయగలిగితే 1, ఒంటరిగా చేస్తే 2, ఇంకొకరికి నేర్పగలిగితే 3. రాకపోతే ఖాళీ. అడిగి నింపొద్దు, చూసి నింపండి. అడిగితే కొందరు బిడియపడి తక్కువ చెబుతారు, కొందరు ఇంక్రిమెంట్ కోసం ఎక్కువ చెబుతారు. రెండు వారాలు పడుతుంది, పట్టనివ్వండి.

పూర్తయ్యాక అడ్డంగా కాదు, నిలువుగా చదవండి. ఏ పనిలోనైనా 2 లేదా 3 ఉన్నవాళ్లు ముగ్గురికి తగ్గితే అక్కడ మీ షిఫ్ట్ ఎప్పుడైనా ఆగుతుంది. ఒక్కరే ఉంటే ఆ మనిషికి జ్వరం రాకూడదని రోజూ కోరుకోవాల్సిందే. మొదటి మూడు నెలల్లో నేర్పే పని అంతా ఆ నిలువు వరసల మీదే పెట్టండి.

24 మందిని ఒక్కరు నేరుగా చూడలేరు. టొయోటా అసెంబ్లీ లైన్లలో కొద్దిమందికి ఒక టీమ్ లీడర్ ఉండేది ఇందుకే. మీకు ఆ పోస్టులు ఉండకపోవచ్చు. అయినా లైన్‌ను నాలుగు భాగాలు చేసి, ఒక్కో భాగంలో 3 అంకె ఉన్న ఒకరిని ‘ముందు వీళ్లనడుగు’ అని అందరి ముందూ చెప్పండి. ఆ నలుగురి పేర్లూ మేనేజర్‌కు తెలియాలి, ఇంక్రిమెంట్ల కాలంలో గుర్తు చేసే బాధ్యత కూడా మీదే. పేరు లేకుండా పని మాత్రం మోయిస్తే మూడో నెలకు ‘నాకెందుకొచ్చిన గొడవ’ అంటారు, ఆ మాట న్యాయమే.

3. షిఫ్ట్ అప్పగింత

ఇన్‌ఛార్జి పనిలో ఇంతకన్నా ముఖ్యమైన పదిహేను నిమిషాలు లేవు. ఎక్కువమంది కొట్టేసే పదిహేను నిమిషాలూ ఇవే.

1988 జులై 6 రాత్రి, స్కాట్లాండ్ తీరానికి దూరంగా ఉత్తర సముద్రంలోని పైపర్ ఆల్ఫా చమురు వేదిక మీద ఒక పంపు ఆగింది. రాత్రి షిఫ్ట్ వాళ్లు దాని జోడు పంపును నడిపారు. ఆ రెండో పంపు సేఫ్టీ వాల్వ్‌ను మరమ్మతు కోసం తీసి, ఆ చోట పైపు నోటికి ఒట్టి లోహపు మూత (ఫ్లాంజ్) పెట్టారన్న సంగతి వాళ్లకు చేరలేదు. మూత దగ్గర గ్యాస్ కారి పేలింది. 167 మంది చనిపోయారు. లార్డ్ కలెన్ విచారణలో తేలిన లోపాల్లో షిఫ్ట్ అప్పగింత, పని పర్మిట్ల (మరమ్మతు లాంటి పనులకు రాసిచ్చే అనుమతుల) నిర్వహణ ముఖ్యమైనవి. మన బాట్లింగ్ లైన్‌లో అంత ప్రమాదం ఉండకపోవచ్చు. తప్పు జరిగే తీరు మాత్రం అదే: సగంలో ఆగిన పని ఒకటి ఉంటుంది, దాని సంగతి ఒక్కరికే తెలుస్తుంది, ఆయన బస్సెక్కేస్తాడు.

మీ షిఫ్ట్ 6కి అయితే 5:45కు లైన్ దగ్గర ఉండండి. అప్పగింత ఆఫీసు గదిలో కాదు, మెషిన్ నుంచి మెషిన్‌కు నడుస్తూ జరగాలి. ఈ వరసలో అడగండి, ఈ వరసలోనే లాగ్‌బుక్‌లో ఉండాలి:

– ఏ బ్యాచ్ నడుస్తోంది, ఎంత అయింది, ఎంత మిగిలింది.
– మామూలు కన్నా వేరుగా పెట్టిన సెట్టింగులు. టేపు వేసినవి, తీగ కట్టినవి, బైపాస్ చేసిన (పనిచేయకుండా తప్పించిన) సెన్సర్లు.
– సగంలో ఉన్న మరమ్మతులు. తీసి పక్కన పెట్టిన మెషిన్ గార్డులు (రక్షణ కవచాలు), వేసి ఉన్న తాళాలు, తెరిచి ఉన్న పర్మిట్లు.
– మూతలు, లేబుళ్లు, జిగురు ఎంతసేపటికి సరిపోతాయి.
– క్యూసీ (నాణ్యత తనిఖీ విభాగం) ఆపిన ప్యాలెట్ల నంబర్లు, కారణం.
– దెబ్బ తగిలినవాళ్లు, మధ్యలో వెళ్లినవాళ్లు, కొత్తగా వచ్చినవాళ్లు.

రెండో అంశం దగ్గర ఆగండి. టేపు వేసిన సెన్సర్ గురించి ఎవరూ తమంతట తాము చెప్పరు, వేసినవాళ్లకు అది తప్పని తెలుసు కాబట్టి. నేరుగా అడగాలి: “ఏదైనా బైపాస్‌లో ఉందా?”

లాగ్‌బుక్‌లో ‘అంతా ఓకే’ అనే మాటను ఇద్దరూ ఒప్పుకుని నిషేధించండి. ‘ఫిల్లర్ కొంచెం ఇబ్బంది పెడుతోంది’ అన్నదీ పనికిరాదు. పనికొచ్చే వాక్యాలు ఇలా ఉంటాయి: ‘ఫిల్లర్ 7వ నాజిల్ తెల్లవారుజామున 3:20 నుంచి తక్కువ నింపుతోంది. వాషర్ మార్చాం, తగ్గలేదు. 7వ నాజిల్ సీసా ప్రతిదీ తీసి ఎర్ర ట్రేలో పెడుతున్నాం. మెయింటెనెన్స్‌కు 4:05కు చెప్పాం. స్ప్రింగ్ స్టోర్స్‌లో లేదు.’ ఇందులో ఏం జరిగింది, ఎప్పటి నుంచి, ఏం చేశారు, ఇప్పుడు దేనితో నెట్టుకొస్తున్నారు, ఎవరికి చెప్పారు అన్నవన్నీ ఉన్నాయి.

చివరగా, విన్నదాన్ని మీ మాటల్లో తిరిగి చెప్పి, ఇద్దరూ సంతకం చేయండి. వెళ్లే ఇన్‌ఛార్జి తొందరలో ఉంటే విసుక్కుంటాడు. మీరు వెళ్లేటప్పుడు మీరే పది నిమిషాలు ఆగి చూపించండి, రెండు వారాల్లో అతనూ ఆగుతాడు.

4. ఏడు నిమిషాల మీటింగ్

6:05కు, లైన్ పక్కనే, నిలబడి. ఏడు నిమిషాలు దాటకూడదు. చెప్పేవి నాలుగు: నిన్న మన షిఫ్ట్‌లో ఎంత అయింది, ఎంత వృథాగా పోయింది (రెండు అంకెలు చాలు); ఈ రోజు బ్యాచ్, మారేది ఏదైనా; ఎవరు ఎక్కడ; భద్రత గురించి ఒకే ఒక్క సంగతి, అదీ మన లైన్‌లో కళ్లకు కనిపించేది. ‘జాగ్రత్తగా ఉండండి’ అంటే ఎవరికీ ఎక్కదు. ‘3వ కన్వేయర్ పక్క నేల తడిగా ఉంది, మోటార్ ఆయిల్ కారుతోంది, ట్రాలీ అటు తీసుకురావద్దు’ అంటే గుర్తుంటుంది.

చివరి రెండు నిమిషాలు వాళ్లవి. ఎవరూ మాట్లాడరు, ముఖ్యంగా మొదటి నెల. నిన్న ఒకరు చెప్పిన ఇబ్బందికి ఈ రోజు ఏం చేశారో మీరే చెప్పడం మొదలుపెట్టండి. చేయలేకపోతే అదీ చెప్పండి: ‘ఫ్యాన్ అడిగారు, ఈ నెల రాదన్నారు, వచ్చే నెల బడ్జెట్‌లో పెట్టించా.’ నెలన్నరకు మాటలు వస్తాయి. మీటింగ్‌లో ఎవరి తప్పూ ఎత్తొద్దు. ఒక్కసారి ఎత్తితే ఆ రెండు నిమిషాలు మళ్లీ మూగబోతాయి.

లైన్‌లో ఒడియా, హిందీ మాట్లాడేవాళ్లుంటే మీటింగ్ రెండు భాషల్లో జరగాలి. వాళ్లలో ఒకరు అనువదించినా చాలు. తెలుగులో చెప్పి, వాళ్లు తలూపితే అర్థమైందనుకోవడం ప్రమాదాలకు దారి తీస్తుంది.

5. పని నేర్పడం

1940లో అమెరికాలో యుద్ధ సామగ్రి ఫ్యాక్టరీలకు పని తెలియని మనుషులు ఒక్కసారిగా వచ్చిపడ్డారు. వాళ్లకు త్వరగా పని నేర్పడం కోసం సూపర్‌వైజర్లకు శిక్షణనిచ్చే ఒక పథకం పెట్టారు. యుద్ధం తర్వాత అది జపాన్ వెళ్లింది, టొయోటా ఇప్పటికీ దాని వారసత్వంతోనే పని నేర్పుతుంది. పద్ధతిలో నాలుగు మెట్లు: మనిషిని సిద్ధం చేయడం, చేసి చూపించడం, చేయించడం, వదిలి గమనించడం. మన దగ్గర రెండో మెట్టు మీద ఆగిపోతాం, అది కూడా ఒకసారి గబగబా.

ముందుగా పనిని కాగితం మీద మూడు వరసలుగా విడగొట్టాలి: ఏం చేయాలి, ఎక్కడ జాగ్రత్త, ఎందుకు. ఎనిమిది హెడ్‌లున్న (మూత బిగించే తలలున్న) క్యాపింగ్ మెషిన్ దగ్గర, పావుగంటకోసారి చేసే మూత తనిఖీని చూడండి.

మొదటిది, కన్వేయర్ నుంచి ఎనిమిది సీసాలు తీయడం. జాగ్రత్త: వరసగా తీయాలి, అక్కడొకటి ఇక్కడొకటి ఏరకూడదు. ఎందుకంటే ఒక్కో సీసా ఒక్కో హెడ్‌ది. ఏరితే పాడైన హెడ్ సీసా చేతికి రాకపోవచ్చు. రెండోది, మూత కింది అంచును కంటి ఎత్తులో పెట్టి చూడడం. జాగ్రత్త: సీసాను గుండ్రంగా తిప్పాలి. ఎందుకంటే ఏటవాలుగా కూర్చున్న మూత ఒక పక్క నుంచి చూస్తే సరిగ్గానే కనిపిస్తుంది. మూడోది, సీసాను పడుకోబెట్టి నొక్కడం. జాగ్రత్త: కింద పొడి టిష్యూ ఉండాలి. తడి బల్ల మీద చుక్క కారినా తెలియదు. నాలుగోది, మూత తిప్పి తెరవడం. జాగ్రత్త: కింది రింగు తెగి సీసా మెడకే ఉండిపోవాలి. మూతతో పాటు ఊడివస్తే సీల్ పడనట్టే, కొన్నవాళ్లు ఎవరో తెరిచారనుకుంటారు. ఐదోది, రాయడం. జాగ్రత్త: హెడ్ నంబర్ రాయాలి. ఒట్టి ‘1 లీకు’ అని ఉంటే మెకానిక్ ఎనిమిదీ విప్పాలి.

చూపించేటప్పుడు మూడుసార్లు చేయండి: మొదటిసారి పని చెబుతూ, రెండోసారి జాగ్రత్తలు కలిపి, మూడోసారి కారణాలు కూడా కలిపి. మనిషిని మీ ఎదురుగా నిలబెట్టకండి, పక్కన నిలబెట్టండి. ఎదురుగా ఉంటే కుడి ఎడమలు తారుమారవుతాయి. తర్వాత వాళ్ల చేత మూడుసార్లు చేయించండి, మూడోసారి వాళ్లే కారణాలు చెబుతూ చేయాలి. ‘అర్థమైందా?’ అని మాత్రం అడగొద్దు. దానికి జవాబు ఎప్పుడూ ‘ఆఁ’ అనే. మొదటి గంట పావుగంటకోసారి వెళ్లి చూడండి, ఆ రోజంతా రెండు గంటలకోసారి, వారం తర్వాత చెప్పకుండా ఒకసారి. కారణం తెలియని పనిని మనుషులు పది రోజుల్లో సులువు చేసేసుకుంటారు. వారం తర్వాత తనిఖీ అందుకే.

6. తప్పు జరిగినప్పుడు

తప్పు ఎత్తి చూపడం అదే షిఫ్ట్‌లో, వీలైతే గంటలోపు, విడిగా జరగాలి. ప్రాణానికి ముప్పున్నప్పుడు మాత్రం అక్కడే అరవండి, వివరణ తర్వాత. మీరు చూసింది చెప్పండి, అనుకున్నది కాదు. ఆ తర్వాత ఒక్క ప్రశ్న అడిగి ఊరుకోండి.

“రాజూ, 3:15, 3:30 తనిఖీలు రెండూ ఒకేసారి రాసినట్టున్నాయి. 3:20కి నేను వచ్చినప్పుడు నువ్వు ప్యాలెట్ దగ్గరున్నావు. ఏమైంది?”

“అక్కడ మనిషి లేడన్నా. సర్దకపోతే లైన్ ఆగేది.”

“మనిషి లేకపోతే నాకు చెప్పు, లేదా లైన్ ఆపు. అది నేను చూసుకోవాల్సింది. కానీ చూడని తనిఖీని చూసినట్టు రాయొద్దు. గడి ఖాళీగా వదిలేయ్, పక్కన నేను సంతకం పెడతా. ఇప్పుడు 3 గంటల నుంచి ప్యాక్ చేసిన డబ్బాలు ఎక్కడున్నాయో చూద్దాం పద.”

ఇందులో రెండు తప్పులున్నాయి. దొంగ రాత అతనిది, మనిషిని పెట్టకపోవడం ఇన్‌ఛార్జిది. రెండోదాన్ని ఒప్పుకోకుండా మొదటిదాన్ని తిడితే వచ్చే వారం రాజు రెండు పెన్నులు వాడతాడు.

తప్పులు మూడు రకాలు. తెలియక చేసినవి, కుదరక చేసినవి, కావాలని చేసినవి. తెలియకపోతే మళ్లీ నేర్పాలి, కుదరకపోతే అడ్డు తీయాలి, కావాలని చేస్తే కాగితం మీద పెట్టాలి. కొత్త ఇన్‌ఛార్జికి అన్నీ మూడో రకంగానే కనిపిస్తాయి, నిజానికి ఎక్కువ భాగం రెండో రకం. కాగితం దాకా వచ్చినప్పుడు తేదీ, సమయం, చూసింది, అతను చెప్పింది మాత్రమే రాయండి. ‘నిర్లక్ష్యం’, ‘పొగరు’ లాంటి మాటలు హెచ్‌ఆర్ విచారణలో నిలబడవు.

7. సెలవులు, ఓటీ, రాత్రి షిఫ్ట్

మనుషులు మిమ్మల్ని కొలిచేది ఇక్కడే. టార్గెట్ ఎంత వచ్చిందో నెల తర్వాత ఎవరికీ గుర్తుండదు, సంక్రాంతికి ఎవరిని పంపారో ఏళ్ల తరబడి గుర్తుంటుంది.

గోడ మీద ఏడాది క్యాలెండర్ పెట్టి, ఎవరికి ఏ పండగ ముఖ్యమో ముందే గుర్తు పెట్టించండి. గోదావరి జిల్లాలవాళ్లకు సంక్రాంతి, తెలంగాణవాళ్లకు బతుకమ్మ, దసరా, బిహార్ వాళ్లకు దీపావళి తర్వాత వచ్చే ఛఠ్, ఒడిశా వాళ్లకు జూన్ నడుమ రజో, ముస్లింలకు రంజాన్. నిజానికి ఇన్ని ప్రాంతాల మనుషులుండడం మీకు మేలు, అందరూ ఒకే వారం అడగరు. ఒక్క వారంలో ఎంతమంది వెళ్లొచ్చో నైపుణ్యాల పట్టిక చూసి తేల్చండి. 24 మందిలో ఐదుగురు దాటితే లైన్ కుంటుతుంది. ఇంకా ఎక్కువమంది అడిగితే కిందటేడు వెళ్లనివాళ్లకు ముందు. ఈ నియమం ఒక్కటే పెట్టి, కాగితం మీద రాసి అంటించండి. రైలు రిజర్వేషన్ 60 రోజుల ముందు తెరుచుకుంటుంది కాబట్టి పండగ సెలవు 70 రోజుల ముందే ఖాయం చేయాలి. పది రోజుల ముందు ‘సరే’ అంటే వాళ్లకు టికెట్ దొరకదు. టికెట్ లేనివాళ్లు జనరల్ బోగీలో నిలబడి వెళ్లి, రెండు రోజులు ఆలస్యంగా వస్తారు.

ఓటీ జీతం చట్ట ప్రకారం మామూలు రేటుకు రెట్టింపు, కాబట్టి కొందరికి అది వరం. ఎవరికి ఎన్ని గంటలు ఇచ్చారో బోర్డు మీద అందరికీ కనిపించేలా ఉంచి, తక్కువ ఉన్నవాళ్లను ముందు అడగండి. వద్దన్నా ఆ అవకాశం లెక్కలో వేయండి. రాత్రి షిఫ్ట్ చేసిన మనిషికి వెంటనే పొద్దున షిఫ్ట్ వేయొద్దు, అతను బతిమాలినా. పదహారు గంటల తర్వాత చేతులు ఆడతాయి, కళ్లు చూడవు.

రాత్రి 2 నుంచి 5 వరకు ఒంటికి మత్తు ఎక్కువ. ఆ వేళ ఒకేచోట కూర్చుని చూసే పనిలో ఉన్నవాళ్లను అరగంటకోసారి మార్చండి. సీసా సైజు మార్పులు, కష్టమైన సెట్టింగులు ఆ మూడు గంటల్లో పెట్టుకోకండి. మీ రౌండ్లు కూడా అప్పుడే దగ్గరదగ్గరగా ఉండాలి. టీ 3 గంటలకు మేలు.

8. మెషిన్ ఆగినప్పుడు

పానా ముట్టుకోకండి. గడియారం చూడండి, సమయం రాయండి, ఆపరేటర్‌ను ‘ఆగే ముందు ఏం మారింది?’ అని అడగండి. 10 నిమిషాల వరకు ఆపరేటర్, ఆ భాగానికి మీరు పేరు చెప్పిన సీనియర్ చూసుకోవాలి. పదో నిమిషంలో మెయింటెనెన్స్‌కు కబురు. ముప్పయ్యో నిమిషంలో మేనేజర్‌కు. ఈ అంకెలు మీ ప్లాంట్‌ను బట్టి మార్చుకోండి, అసలు అంకెలు లేకుండా మాత్రం ఉండకండి. ‘ఇప్పుడే అయిపోతుంది సార్’ అనుకుంటూ గంటన్నర గడిచిపోతుంది. ఈలోగా మిగతావాళ్లను ఖాళీగా నిలబెట్టకుండా చేయించే పనుల చిట్టా ముందే రాసి ఉంచుకోండి: లేబుల్ రీళ్లు సర్దడం, ఎర్ర ట్రేలు తేల్చడం, గైడ్ రాడ్లు తుడవడం, ఒకరికి ఒకరు పని నేర్పుకోవడం.

మెషిన్‌లో చేయి పెట్టే ముందు మెయిన్ ఆపి తాళం, పేరు రాసిన ట్యాగ్. తాళం వేసిన మనిషే తీయాలి. ‘లోపల ఎవరూ లేరులే’ అని ఇంకొకరు తీయడానికి మీరు ఎప్పుడూ ఒప్పుకోకూడదు, మేనేజర్ పక్కన నిలబడి తొందరపెట్టినా సరే.

9. పైకి చెప్పే తీరు

చెడు వార్త పావుగంటలో పైకి చేరాలి. నాలుగు వాక్యాలు చాలు: ఏం జరిగింది, ఎంత నష్టం, ఇప్పుడు ఏం చేస్తున్నాం, మీ నుంచి ఏం కావాలి. నాలుగోది చాలామంది వదిలేస్తారు, దాంతో మేనేజర్ తిట్టడం తప్ప చేయడానికి ఏమీ మిగలదు.

అసాధ్యమైన టార్గెట్ వచ్చినప్పుడు ‘కాదు సార్’ అనకండి, లెక్క చూపండి. నిమిషానికి 120 సీసాలు, భోజనం, శుభ్రం పోగా 7 గంటలు: 50,400. మన లైన్ నిజంగా నడిచేది అందులో 80 శాతం: 40,320. ‘40 వేలు ఇస్తాను. 48 వేలు కావాలంటే సైజు మార్పు మధ్యాహ్నం షిఫ్ట్‌కు జరపాలి, 7వ నాజిల్ స్ప్రింగ్ రావాలి.’ అయినా 48 వేలు కావాల్సిందే అంటే, ఏ తనిఖీ వదిలేయమంటారో మెసేజ్‌లో రాసి ఇమ్మనండి. సాధారణంగా అక్కడ మాట మారుతుంది.

10. మీ చేతిలో ఉంచుకోకూడనివి

లైంగిక వేధింపు ఫిర్యాదు వస్తే మీరు పంచాయితీ చేయకూడదు. 2013 చట్టం ప్రకారం పది మంది, ఆపైన పనిచేసే ప్రతిచోటా అంతర్గత కమిటీ ఉండాలి; ఘటన జరిగిన మూడు నెలల్లో రాతపూర్వకంగా ఫిర్యాదు చేయొచ్చు. మీ పని వినడం, కమిటీ సభ్యుల పేర్లు చెప్పడం, మూడో మనిషికి చెప్పకపోవడం. ‘అతని చేత సారీ చెప్పిస్తాలే అమ్మా’ అనడం, గొడవ వద్దని ఆమెనే వేరే షిఫ్ట్‌కు మార్చడం రెండూ తప్పే.

దెబ్బ తగిలితే మొదట చికిత్స, తర్వాత ఆ చోటును కడగకుండా ఫొటోలు. నెలకు 21,000 రూపాయల లోపు జీతమున్నవాళ్లు ఈఎస్ఐ కిందికి వస్తారు. అందరి ఈఎస్ఐ నంబర్లూ, ఇంటి ఫోన్ నంబర్లూ కాంట్రాక్టు మనుషులవి కూడా కలిపి లాగ్‌బుక్ వెనక అంటించి ఉంచండి. రాత్రి 3 గంటలకు కాంట్రాక్టర్ ఫోన్ ఎత్తడు.

11. మూడో నెలాఖరున

రెండు రోజులు సెలవు పెట్టండి. ముందు రోజు, ‘ముందు వీళ్లనడుగు’ అన్న ఆ నలుగురిలో ఒకరికి షిఫ్ట్ అప్పగించండి, మీరు మేనేజర్ దగ్గర తీసుకున్న ఆరు జవాబులూ అతనికి ఇవ్వండి. ఫోన్ ఆన్‌లోనే ఉంచండి. వచ్చిన ప్రతి కాల్‌ను సమయంతో సహా రాసుకోండి, జవాబు చెప్పే ముందు ‘నువ్వైతే ఏం చేస్తావ్?’ అని అడగండి.

తిరిగొచ్చాక ఆ కాల్స్‌ను విడదీయండి. తాళంచెవి ఎక్కడుంది, ఫలానా నంబర్ ఎంత అన్నవి గోడ మీదకో లాగ్‌బుక్‌లోకో వెళ్లాలి. ఫలానా పని ఎలా చేయాలి అన్నవి నైపుణ్యాల పట్టికలో ఖాళీలు; వచ్చే నెల నేర్పే చిట్టాలో వేసుకోండి. ‘ఇలా చేయొచ్చా?’ అని అనుమతి కోసం వచ్చినవి మిగులుతాయి. వాటిలో అతను చెప్పిన జవాబే సరైనదైతే, ఆ అధికారం ఇక అతనిదేనని మర్నాటి మీటింగ్‌లో అందరి ముందూ చెప్పండి.